నిద్ర ముందు, పళ్లెం తర్వాత, పరుగు ఆపైన: ఒంటిని మళ్లీ దారికి తెచ్చుకునే పన్నెండు వారాల పద్ధతి

ఆటలు మానేసి పదేళ్లో పదిహేనేళ్లో గడిచాక, నలభైకి అటూ ఇటూగా ఉన్న వయసులో మళ్లీ పరుగు మొదలుపెట్టేవాళ్లలో చాలామంది నెల తిరగకుండానే ఆగిపోతారు. వాళ్లను బద్ధకస్తులనడం అన్యాయం. మొదటి రోజే కాలేజీనాటి వేగం అందుకోవాలని చూస్తారు. రాత్రి అన్నం మానేస్తారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తారు కానీ పడుకునే వేళ మాత్రం పాతదే. మూడో వారానికి పిక్క పట్టేస్తుంది, మడమ నేలకు ఆనదు, సాయంత్రమయ్యేసరికి ఆకలి ఆగదు. అంతటితో బూట్లు అటకెక్కుతాయి.

వాళ్లు వరస తప్పారు, అంతే. వ్యాయామం తిరిగి మొదలుపెట్టినప్పుడు గుండె, ఊపిరితిత్తులు త్వరగా పుంజుకుంటాయి. కొన్ని వారాల్లోనే ఆయాసం తగ్గి, ఇంకా పరుగెత్తగలనన్న ధీమా వస్తుంది. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండాన్లు, ఎముకలు గట్టిపడటానికి మాత్రం నెలలు కావాలి. ఊపిరి సిద్ధమై కాళ్లు సిద్ధం కాని ఆ మధ్య కాలంలోనే దెబ్బలు తగులుతాయి. పైగా పరుగెత్తే అరగంటలో శరీరం బలపడదు, అలుస్తుంది. బలపడేది ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లో, నిద్రలోనూ తిండితోనూ. అందుకే నేను ఎవరికి చెప్పినా నిద్రతో మొదలుపెట్టమంటాను.

బయలుదేరే ముందు

రక్తపోటు, మధుమేహం, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు, తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చినవాళ్లు ముందుగా డాక్టరును కలిసి పరుగు మొదలుపెడుతున్న సంగతి చెప్పాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, గ్లైమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవాళ్లకు వ్యాయామంతో చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. మందు మోతాదు గురించి డాక్టరునే అడగండి. జేబులో గ్లూకోజ్ పొడో పంచదార పొట్లమో లేకుండా ఇల్లు దాటవద్దు.

నడకలోగానీ పరుగులోగానీ ఛాతీ బిగిసినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపోవాలి. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవడం మన ఇళ్లలో ఎన్నో ప్రాణాలు తీసింది. వెంటనే 108కి ఫోను చేయండి.

కొలతలు మూడు చాలు. మొదటిది నడుము. బొడ్డు దగ్గర టేపు పెట్టి, పొట్ట లోపలికి పీల్చకుండా కొలవండి. భారతీయుల విషయంలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం పెరిగినట్టు లెక్క. రెండోది బరువు. వారానికి ఒక్కసారి, అదే రోజు, పొద్దున్నే చూసుకోండి. మూడోది నాడి. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. ఈ అంకె తర్వాత బాగా పనికొస్తుంది.

స్త్రీలు ఒక రక్తపరీక్ష కూడా చేయించుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే ఎంత సాధన చేసినా ఆయాసం తగ్గదు. తన వల్ల కాదని మానేసిన ఎందరికో కావలసింది ఇనుము మాత్రే కావచ్చు.

మొదటి రెండు వారాలు: నిద్ర, నడక

పరుగు ఇంకా వద్దు. ఈ రెండు వారాల్లో చేయవలసిన పెద్ద పని ఏడు గంటల నిద్రను ఇంట్లో నిలబెట్టడం. పడుకునే వేళతో కుస్తీ పట్టకుండా లేచే వేళను ముందు ఖాయం చేయండి. ఆదివారమైనా అదే వేళ. నాలుగైదు రోజులు అలా లేస్తే రాత్రి నిద్ర తనంతట తానే ముందుకు జరుగుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక కాఫీ, టీ మానండి. రాత్రి భోజనానికి, పడకకు మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. తొమ్మిదిన్నరకు తిని పదిన్నరకు పడుకునే ఇళ్లలో మార్పు ఇక్కడి నుంచే రావాలి. దీనికి ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఫోను ఛార్జింగు పెట్టే చోటు పడకగది బయట ఉంటే సగం పని అయినట్టే. మద్యం తాగితే నిద్ర త్వరగా పడుతుంది గానీ అర్ధరాత్రి దాటాక ముక్కలవుతుంది. పరుగు మర్నాడు ఉందనగా అసలే వద్దు.

గట్టిగా గురకపెడుతూ, ఏడెనిమిది గంటలు పడుకున్నా పగలు కునుకు ఆగనివాళ్లు స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు, ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. అది ఉండగా బరువు తగ్గడం కూడా కష్టమవుతుంది. హైదరాబాద్‌లో అమెరికా వేళల్లో పనిచేసేవాళ్లు చాలామంది రాత్రి పని ముగించుకుని తెల్లవారుజామున నేరుగా పార్కుకు వెళతారు. అది మానండి. ఇంటికి వెళ్లి, గది చీకటి చేసుకుని పడుకుని, లేచాక సాయంత్రం నడవండి. నిద్ర పోగొట్టుకుని చేసే వ్యాయామం అప్పు చేసి పెట్టే పెట్టుబడి లాంటిది.

వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున చురుకుగా నడవండి. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అంత వేగం. ఐదు అరగంటలు కలిపితే 150 నిమిషాలు. పెద్దవాళ్లకు వారానికి కనీసం ఇంత ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే పరుగు మొదలుకాకముందే మీరు ఒక ముఖ్యమైన గీత దాటేస్తారు.

పళ్లెంలో ఏం మారాలి

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనగా మొదలైంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం మీద ఎక్కువగా ఆధారపడేవాళ్లను పట్టి పీడించిన జబ్బు అది. నూరేళ్లు దాటినా మన పళ్లెంలో అసలు చిక్కు అదే బియ్యం దగ్గర ఉంది. ఆ సంస్థ రోజుకు 2000 కేలరీల భోజనానికి వేసిన లెక్కలో ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, అదీ వండకముందు తూకం. పొద్దున ఇడ్లీలో బియ్యం, మధ్యాహ్నం అన్నం, రాత్రి చపాతీ, అన్నీ అందులోకే వస్తాయి. కూరగాయలు 400 గ్రాములు. మన ఇళ్లలో ఈ రెండూ తలకిందులుగా ఉంటాయి. పళ్లెం నిండా అన్నం, ఓ మూల రెండు చెంచాల కూర.

అన్నం మానేయమని నేను చెప్పను. తరతరాలుగా తింటున్నదాన్ని ఒక్కసారి మానేస్తే పది రోజులు నిలబడి, పదకొండో రోజు రెట్టింపు తింటారు. చేయవలసింది వడ్డించే వరస మార్చడం. ముందు పళ్లెంలో సగం మేర కూర వేసుకోండి. బెండకాయో బీరకాయో సొరకాయో గోరుచిక్కుడో, ఏదైనా సరే, వేపుడు కాకుండా ఉండాలి. తర్వాత ముద్దపప్పో పప్పుకూరో గుడ్డో చేపో పావు భాగం. మిగిలిన పావులో అన్నం. ఆవకాయ ముద్ద కలుపుకునే అన్నం, చారన్నం, పెరుగన్నం అని మూడు విడతలుగా అన్నం వేసుకునే అలవాటును కొంచెం సవరించాలి. చారు గిన్నెలో పోసుకుని తాగండి, పెరుగు విడిగా తినండి. రుచి ఎక్కడికీ పోదు, అన్నం మాత్రం సగానికి తగ్గుతుంది.

జొన్న రొట్టెలు, రాగి సంకటి, కొర్రలు మంచివే. పీచు ఎక్కువ, కడుపు నిండినట్టు ఎక్కువసేపు ఉంటుంది. అయితే వంద గ్రాముల జొన్నపిండిలోనూ వంద గ్రాముల బియ్యంలోనూ కేలరీలు దాదాపు ఒకటే. చిరుధాన్యం కదా అని నాలుగు రొట్టెలు తింటే నడుము తగ్గదు.

తర్వాత మాంసకృత్తులు. సాధారణంగా కిలో బరువుకు 0.83 గ్రాములు చాలంటారు. కొవ్వు తగ్గాలి, కండ కరగకూడదు, పైగా పరుగు కూడా ఉందంటే కిలోకు 1.2 గ్రాముల నుంచి 1.6 గ్రాముల దాకా కావాలి. 70 కిలోల మనిషికి రోజుకు 84 గ్రాములు కనీసం. ఇది డబ్బాల పొడి లేకుండా సాధ్యమా అని అడుగుతారు. లెక్క వేసి చూద్దాం. 80 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో దాదాపు 19 గ్రాములు. మధ్యాహ్నం పప్పులో 40 గ్రాముల కందిపప్పు ఉంటే 9. కప్పు పెరుగు, 200 గ్రాములు, 7. సాయంత్రం 50 గ్రాముల శనగలు నానబెట్టి ఉడికించి తాలింపు వేసుకుంటే 10. రాత్రి రెండు గుడ్లు 12. గ్లాసు పాలు 6. రోజంతటిలోని ధాన్యంలో మరో 15. మొత్తం 78. ఇంకో గుడ్డో గుప్పెడు వేరుశనగలో చేరిస్తే కనీసం అందినట్టే. కోడికూర, చేపల పులుసు తినే రోజున సులువుగా దాటుతుంది. గుడ్డు ముట్టనివాళ్లకు పన్నీరు, మీల్‌మేకర్ ఉన్నాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పకుండా మాంసకృత్తులు పెంచకూడదు.

నూనె గురించి ఎవరూ ఒప్పుకోరు. మా ఇంట్లో తక్కువే వాడతాం అనని ఇల్లు లేదు. అందుకని ఒక పని చేయండి. నెల మొదట్లో కొత్త ప్యాకెట్లు తెరిచిన తేదీ గోడ మీది క్యాలెండరులో రాసి, నెలాఖరుకు ఎన్ని అయ్యాయో చూడండి. పోషకాహార సంస్థ లెక్కలో నూనె, నెయ్యి కలిపి మనిషికి రోజుకు 27 గ్రాములు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. ఆరు లీటర్లు అవుతున్నాయంటే ఎక్కడికి పోతోందో ఆలోచించండి. దోసె మీద చుట్టూ పోసే చెంచా, వేపుడు మూకుడు, పోపు గరిటె. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. దాన్ని కరిగించాలంటే 70 కిలోల మనిషి దాదాపు ఒకటిన్నర నుంచి రెండు కిలోమీటర్లు పరుగెత్తాలి. పరుగు ఒక్కదానితోనే బరువు తగ్గుదామనుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూసుకోవాలి.

వారానికి అర కిలో తగ్గితే చాలు. అంతకంటే వేగంగా తగ్గాలని తిండి బాగా కోసేస్తే పరుగుకు శక్తి ఉండదు, దెబ్బ మానదు. పరుగు పెంచే వారంలో తిండి ఇంకా తగ్గించకండి. తినేదాన్ని తగ్గించడం, పరుగును పెంచడం రెండూ ఒకే వారంలో పెట్టుకుంటే శరీరం తట్టుకోదు. మొదటి రెండు మూడు వారాల్లో బరువు కదలకపోతే కంగారు వద్దు. కొత్త శ్రమకు కండరాలు నీరు పట్టి ఉంచుకుంటాయి. నడుము కొలత చూడండి.

మూడో వారం నుంచి: పరుగు

డబ్బు ఖర్చు పెట్టవలసింది బూట్ల మీద. మిగతావన్నీ ఉన్నవాటితో సర్దుకోవచ్చు. పాదాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం పూటే కొనండి. బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండాలి. స్త్రీలకు పరుగు కోసమే చేసిన గట్టి లోదుస్తు కూడా అంతే అవసరం, దాన్ని విలాసమనుకోవద్దు.

వారంలో మూడు రోజులు, మధ్య ఒక్కో రోజు ఎడం. మంగళ, గురు, ఆదివారాలు అనుకోండి. ప్రతిసారీ ముందు ఐదు నిమిషాలు, చివర ఐదు నిమిషాలు నడక. మూడు, నాలుగు వారాల్లో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిదిసార్లు. ఐదో వారం రెండు నిమిషాలు పరుగు, రెండు నడక, ఆరుసార్లు. ఆరో వారం మూడు పరుగు, రెండు నడక, ఐదుసార్లు. ఏడో వారం నాలుగు, రెండు చొప్పున నాలుగుసార్లు.

ఎనిమిదో వారం వెనక్కి తగ్గాలి. ఐదో వారం లెక్కనే, అదీ రెండు రోజులే. అప్పటికి ఒంట్లో హుషారు వచ్చి ఉంటుంది, ఈ వారాన్ని దాటేయాలనిపిస్తుంది. దాటవద్దు. కాళ్లు ఊపిరిని అందుకునేది ఈ తీరిక వారంలోనే.

తొమ్మిదో వారం ఐదు, రెండు చొప్పున నాలుగుసార్లు. పదో వారం ఎనిమిది, రెండు చొప్పున మూడుసార్లు. పదకొండో వారం పన్నెండు నిమిషాల పరుగు రెండుసార్లు, నడుమ రెండు నిమిషాల నడక. పన్నెండో వారం ఆగకుండా ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు. మెల్లగా పరుగెత్తినా సుమారు మూడు కిలోమీటర్లు అవుతుంది. ఏ వారమైనా బరువనిపిస్తే దాన్నే మళ్లీ చేయండి. పన్నెండు వారాలు పదహారైతే నష్టమేమీ లేదు.

వేగం ఎంత అన్నదే అందరూ తప్పే చోటు. గడియారం చూడవద్దు. చిన్నప్పుడు బడిలో కంఠతా పట్టిన ఆటవెలది పద్యం ఒకటి గుర్తు తెచ్చుకుని పరుగెత్తుతూ పైకి చదవండి. ఒక్కో పాదం ఒక్క ఊపిరిలో పూర్తయితే వేగం సరిపోయినట్టు. పాదం మధ్యలో ఊపిరి తెగితే తగ్గించాలి. మొదట్లో ఈ వేగం సిగ్గుపడేంత తక్కువగా ఉంటుంది, చురుకుగా నడిచేవాళ్లు మిమ్మల్ని దాటిపోతారు. పోనివ్వండి. అడుగులు చిన్నవిగా వేయండి, పాదం మరీ ముందుకు చాచకుండా ఒంటి కిందనే పడేలా చూసుకోండి, భుజాలు వదులుగా ఉంచండి. అంతకుమించి తీరు గురించి ఇప్పుడే ఆలోచించనక్కర్లేదు.

బడి మైదానంలో గట్టిపడిన మట్టి నేల అన్నిటికన్నా మేలు. విశాఖ బీచ్‌లో మెత్తని ఇసుక మీద పరుగెత్తాలని అందరికీ ఉంటుంది గానీ, మడమ వెనకనున్న టెండాన్ మీద భారం ఎక్కువ పడుతుంది. మొదటి మూడు నెలలు పక్కనున్న రోడ్డే మంచిది. రోడ్డు మీద ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడివైపు ఉండండి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి, వాటి కళ్లలోకి చూడకండి.

వేసవిలో సూర్యోదయానికి ముందే పరుగు ముగించాలి. సాయంత్రం ఏడింటికి కూడా తారురోడ్డు వేడి కక్కుతూనే ఉంటుంది. అరగంట పరుగుకు ముందు ఒక గ్లాసు నీళ్లు, తర్వాత ఉప్పు వేసిన పలుచని మజ్జిగ చాలు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పరుగు లేని రోజులు

వారంలో రెండు రోజులు ఇరవై నిమిషాలు కాళ్ల బలానికి కేటాయించండి. తాలింఖానాలో చేసే బస్కీలు, దండీలే ఇవి. బస్కీలు పది చొప్పున మూడు విడతలు, మోకాళ్లు పట్టేవాళ్లు కుర్చీ అంచు దాకా కూర్చుని లేస్తే చాలు. దండీలు నేల మీద రాకపోతే గోడకు చేతులానించి చేయండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం పదిహేను చొప్పున రెండు విడతలు.

ఒక్క వ్యాయామమే చేసే ఓపిక ఉందంటే మాత్రం ఇది చేయండి. మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడి, గోడ పట్టుకుని, మడమలు పైకెత్తి, మూడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా కిందికి దించాలి. పన్నెండు చొప్పున మూడు విడతలు. కొన్ని వారాలకు ఒంటికాలి మీద చేయగలుగుతారు. పిక్క, మడమ నొప్పులతో పరుగు మానేసేవాళ్లను ఎక్కువగా కాపాడేది ఇదేనని నా నమ్మకం.

ఇక నాడి సంగతి. పొద్దున్నే చూసే అంకె మామూలు కంటే ఏడెనిమిది ఎక్కువగా రెండు రోజులు వరసగా వస్తే, నిద్ర చాలలేదనో జ్వరం వచ్చేలా ఉందనో అర్థం. ఆ రోజు పరుగు బదులు నడవండి. జ్వరంలో పరుగెత్తడం గుండెకు ప్రమాదం. డెంగీ, చికున్‌గున్యా వంటివి తగ్గాక డాక్టరు సరేనన్న తర్వాతే, అదీ నడకతో మొదలుపెట్టాలి.

కండరాల నొప్పి మామూలే, రెండు రోజుల్లో పోతుంది. రెండు కాళ్లలోనూ ఒకేలా ఉండే నొప్పికి భయం లేదు. ఒకే కాలిలో, వేలితో చూపించగలిగినంత చిన్నచోట, ఎముక మీద నొక్కితే కలుక్కుమనే నొప్పి వేరు. రాత్రి పడుకున్నప్పుడు కూడా అది ఉంటే ఎముకలో సన్నని చీలిక పడి ఉండవచ్చు. పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. పొద్దున మొదటి అడుగుకు మడమ సూదిలా గుచ్చుకుంటే కొన్నాళ్లు పరుగు తగ్గించి, ఇంట్లోనూ మెత్తటి చెప్పులు వేసుకుని, పిక్కను రోజూ సాగదీయండి. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం మాత్రం ఎన్నడూ వద్దు.

ఎప్పుడు మొదలుపెట్టాలి, మధ్యలో ఆగితే ఏం చేయాలి

మన వాతావరణానికి కార్తీక మాసం మంచి అదను. నవంబరులో నడక మొదలుపెడితే జనవరి చివరికో ఫిబ్రవరి మొదట్లోనో ఆగకుండా ఇరవై నిమిషాలు పరుగెత్తుతారు. ఆపైన వారానికి ఒక పరుగును మాత్రమే మూడు నాలుగు నిమిషాల చొప్పున పెంచుకుంటూ వెళితే ఎండలు ముదిరేలోపే ఐదు కిలోమీటర్లు అందుతాయి. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పది కిలోమీటర్ల పరుగు మీద మనసుంటే వేసవి తెల్లవారుజాములు వదులుకోకూడదు.

సంక్రాంతికి ఊరెళ్లి వారం పోతుంది, ఇంట్లో పెళ్లి పడి పది రోజులు పోతాయి. అరిసెలు, బూరెలు తినండి, వాటికి ప్రాయశ్చిత్తంగా మర్నాడు రెట్టింపు పరుగు పెట్టుకోకండి. వారం పోతే ఆపిన వారాన్నే మళ్లీ చేయాలి. రెండు మూడు వారాలు పోతే రెండు మెట్లు వెనక్కి వెళ్లాలి. నెల దాటితే మూడో వారం దగ్గర, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టండి. ఈసారి ఊపిరి ఇంకా త్వరగా వస్తుంది కాబట్టి, పద్యం చదివే పరీక్ష ఈసారే ఇంకా గట్టిగా పాటించాలి.